పది శాతం తింటే తొంభై శాతం మిగులుతుందా?

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో చెప్పుకుంటాను. మీరు బెంగళూరులో మెకానికల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నారు. హాస్టల్లో వాదన వచ్చింది. మీ స్నేహితుడు ఇలా అన్నాడు: "నాయకులు పది శాతం తింటే తిననీ. మిగతా తొంభై శాతంతో రోడ్లు పడుతున్నాయి, ఆయుధాలు వస్తున్నాయి. అవినీతి వల్ల దేశమూ సైన్యమూ బలహీనపడతాయనడం అతిశయోక్తి. చైనా ఎదగలేదా?" మీకు అప్పటికి జవాబు తోచలేదు. పనిలో పనిగా, రక్షణ రంగంలో నాణ్యత తనిఖీ ఉద్యోగం వస్తే చేరవచ్చా అని కూడా అడిగారు.

సూటిగా చెబుతాను. ఆ లెక్క తప్పు. పది శాతం తింటే తొంభై శాతం మిగలదు. జరిగే నష్టంలో తిన్న సొమ్ము అతి చిన్న భాగం. ఆ సొమ్ము రాబట్టడానికి ఎవరో ఒక నిర్ణయాన్ని వంచారు, ఎవరో సరుకు మార్చారు, ఎవరో అబద్ధపు కాగితం మీద సంతకం పెట్టారు. అసలు నష్టమంతా అక్కడే ఉంది. మామూలు వ్యాపారంలో ఆ అబద్ధం నెలకో ఏడాదికో బయటపడుతుంది. సైన్యంలో అది యుద్ధం వచ్చేదాకా గోదాములో భద్రంగా ఉంటుంది. అందుకే రెండింటిలో సైన్యానికే ముప్పు ఎక్కువని నా అభిప్రాయం.

నేను ఆర్థికవేత్తను కాను, సైనికుణ్నీ కాను. 1986లో హిందూపురం నుంచి బెంగళూరు వచ్చి, ఒక కర్మాగారంలో ఎనిమిదేళ్లు తనిఖీ విభాగంలో పనిచేశాను. 1994లో పీణ్య పారిశ్రామికవాడలో సొంతంగా చిన్న మెషిన్ షాపు పెట్టుకున్నాను. పిన్నులు, బుష్‌లు, షాఫ్టులు చేస్తాం. మా సరుకులో కొంత పెద్ద సంస్థల ద్వారా సైన్యం వాహనాల్లోకి వెళ్తుంది. కాబట్టి మీ స్నేహితుడి పది శాతాన్ని ఒక పిన్ను మీద పెట్టి చూపిస్తాను.

వంద రూపాయల పిన్ను అనుకోండి. పిన్ను అంటే గుండుసూది కాదు, యంత్ర భాగాలను కలిపి పట్టి ఉంచే ఉక్కు కడ్డీ. ఉక్కుకు నలభై, లేతు, గ్రైండింగ్ పనికి ముప్ఫై, హీట్ ట్రీట్‌మెంటుకు పది, కరెంటు, అద్దె, వడ్డీ, రవాణాకు పన్నెండు. మిగిలేది ఎనిమిది. ఆర్డరును బట్టి అంకెలు మారతాయి కానీ తీరు ఇదే. ఇప్పుడు ఇందులోంచి పది రూపాయలు ఎవరికో ఇవ్వాలి. ఎనిమిది మిగిలే చోట పది ఎలా వస్తుంది?

డ్రాయింగులో ఈఎన్-24 ఉక్కు అని రాసి ఉంటుంది. అందులో నికెల్, క్రోమియం, మాలిబ్డినం ఉంటాయి. సరైన వేడికి కాల్చి, నూనెలో చల్లార్చి, మళ్లీ తక్కువ వేడికి కాచితే (టెంపరింగ్) అది దెబ్బకు అంత తేలిగ్గా విరగదు. ఈఎన్-8 మామూలు కార్బన్ ఉక్కు, ధరలో చాలా చవక. రెండింటినీ ఒకే కొలతకు తీసి పైన నల్లపూత వేస్తే కంటికి తేడా తెలియదు. మైక్రోమీటరు కూడా ఒకే అంకె చూపిస్తుంది. తేడా తెలియాలంటే ముక్క కోసి ల్యాబ్‌కు పంపాలి. ఆ ముక్కను పంపాల్సిన మనిషి చేయి తడిపితే, ఉక్కు మిల్లు ఇచ్చిన పాత సర్టిఫికెట్ నకలు మీద హీట్ నంబరు (ఆ ఉక్కును కరిగించిన విడత నంబరు) దిద్దితే సరిపోతుంది. పది రూపాయలు వచ్చేశాయి. కావాలంటే ఇంకో పది కూడా వస్తాయి.

అలా తయారైన పిన్ను తొంభై శాతం పనిచేయదు. అయితే నిలుస్తుంది, లేదంటే విరుగుతుంది.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. తొంభైల చివర్లో ఒక టెండరులో నాకంటే పద్దెనిమిది శాతం తక్కువ ధరకు ఇంకొకరికి ఆర్డరు వెళ్లింది. ఆ ఉక్కుతో ఆ ధరకు ఆ పిన్ను రాదని పీణ్యలో ఏ టర్నర్‌ని అడిగినా చెబుతాడు. రెండేళ్ల తర్వాత అదే పిన్నులు మళ్లీ చేసివ్వమని నాకు కబురు వచ్చింది, నమూనా కోసమని విరిగిన పిన్నుల సంచి ఒకటి పంపారు. ఒకదాన్ని గ్రైండింగ్ చక్రం మీద పెట్టాను. ఉక్కు రకాన్ని బట్టి నిప్పురవ్వల తీరు మారుతుంది, అవి చూడగానే అనుమానం వచ్చింది. సొంత ఖర్చుతో ల్యాబ్‌కు పంపితే, నికెల్ గడిలో దాదాపు ఒకటిన్నర శాతం ఉండాల్సిన చోట సున్నాకు దగ్గరగా అంకె వచ్చింది. మా బాబాయి కొడుకు అప్పట్లో లద్దాఖ్‌లో సైన్యం లారీ నడిపేవాడు. ఆ కాగితం చేతిలో పట్టుకుని నేను లెక్కలు వేయలేదు, వాడి ముఖమే కళ్ల ముందు కదిలింది.

ఈ జబ్బు పెద్ద ఆయుధాలకూ తగులుతుంది. ధనుష్ ఫిరంగి మన జబల్‌పూర్‌లో తయారైంది. దాని కోసం కొన్న బేరింగులు చైనావని, వాటిని జర్మనీ తయారీ అని అంటగట్టారని 2017లో సీబీఐ ఒక ఢిల్లీ సరఫరాదారు మీద కేసు నమోదు చేసింది. నా పిన్ను కథకూ ఆ ఆరోపణకూ తేడా పరిమాణంలోనే.

"ఇదంతా కింది స్థాయి లంచం కదా, ఇందులో రాజకీయమేముంది?" అని మీ స్నేహితుడు అడగవచ్చు. కింది స్థాయి లంచానికి ధర నిర్ణయించేది పై స్థాయే. తనిఖీ చేసే అధికారి ఆ కుర్చీలోకి సొమ్ము కట్టి వచ్చి ఉంటే, దాన్ని తిరిగి రాబట్టకుండా ఉండలేడు. కట్టకుండా వచ్చినవాడు నిజాయతీగా ఉంటే అక్కడ ఎక్కువ కాలం ఉండలేడు. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు దక్షిణ భారతదేశపు కాలువల కింద ఈ వ్యవహారాన్ని దగ్గరుండి గమనించి 1982లో ప్రచురించాడు. ఇంజనీర్లు పోస్టింగు కోసం సొమ్ము కట్టడం, దాన్ని కాంట్రాక్టర్ల దగ్గరా రైతుల దగ్గరా రాబట్టడం, వాటా రాజకీయ నాయకుల దాకా చేరడం, అంతా ఒక గొలుసులా ఆయన చూపించాడు. మన రైతులకు ఇది ఆయన రాయక ముందే తెలుసు. పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 95 లక్షలు. మన ఊళ్లలో ఎన్నికలు ఎలా జరుగుతాయో చూసినవారికి ఆ అంకె గురించి నేను వేరే చెప్పనక్కర్లేదు. ఆ పరిమితికి మించి పెట్టిన ప్రతి రూపాయీ ఎక్కడో ఒక టెండరులోంచి తిరిగి రావాలి.

ఇక ఆర్థిక వ్యవస్థ. ఇక్కడ నా సొంత తప్పు ఒకటి ఒప్పుకోవాలి. షాపు పెట్టిన కొత్తలో విద్యుత్ లోడు పెంచడానికి నేనూ డబ్బిచ్చాను. మూడు నెలలు తిరిగాను, యంత్రం దుప్పటి కప్పుకుని కూర్చుంది, బ్యాంకు వడ్డీ ఆగలేదు. ఇచ్చేశాను. ఆ తర్వాత ఏం చేశానో వినండి. వచ్చే ఏడాది కొటేషన్లలో ఆ సొమ్ము కలిపాను. ఇంకోసారి అడిగితే ఇవ్వాల్సి వస్తుందన్న భయానికి ఇంకొంత కలిపాను. రెండు రూపాయల లంచం ధరలోకి ఎక్కేసరికి ఐదు అయింది. ఆ ఐదూ కొన్నవారి ఖర్చులోకి వెళ్లింది, అక్కడినుంచి ఇంకొకరి ధరలోకి. పీణ్యలో వేలాది షాపులున్నాయి. అన్నీ ఇలాగే కలుపుకుంటే బెంగళూరు సరుకు కోయంబత్తూరుతోనో, విదేశంతోనో ఎలా పోటీ పడుతుంది?

దీనికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. పని తెలిసినవాడు ఓడిపోతూ, మనిషిని పట్టుకోవడం తెలిసినవాడు గెలుస్తూ ఉంటే, పదేళ్లలో పని తెలిసినవాళ్లు ఆ రంగమే వదిలేస్తారు. నాకు తెలిసిన ఇద్దరు అద్భుతమైన టూల్‌మేకర్లు షాపులు మూసి, షెడ్లు గోదాములకు అద్దెకిచ్చుకున్నారు. ఆ చేతుల్లోని విద్య ఏ ఆడిట్ నివేదికలోనూ నష్టంగా కనబడదు. 1995లో పావోలో మౌరో అనే ఆర్థికవేత్త అనేక దేశాల లెక్కలు పోల్చి, అవినీతి ఎక్కువైన చోట పెట్టుబడి, దానితోపాటు వృద్ధి తగ్గుతాయని చూపించాడు. అలాంటి ప్రభుత్వాలు చదువు మీద తక్కువ ఖర్చు పెడతాయని తర్వాత ఆయనే గమనించాడు. కారణం ఊహించడం కష్టం కాదు. పంతులు జీతంలో ముడుపులు దొరకవు, పెద్ద కొనుగోలులో దొరుకుతాయి.

అదే తర్కం సైన్యానికి వర్తిస్తే చిత్రమైన ఫలితం వస్తుంది. అవినీతి ఎక్కువున్న దేశాలు రక్షణ మీద తమ ఖర్చులో ఎక్కువ వాటా పెడుతున్నాయని 2001లో అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) ఆర్థికవేత్తలు తేల్చారు. అమ్మేవారు కొద్దిమంది, ధరలు రహస్యం, అడిగితే దేశ భద్రత అంటారు. బడ్జెట్ పెరుగుతుంది, బలం పెరగదు. కాబట్టి "మన రక్షణ బడ్జెట్ ఇంత" అని ఎవరైనా గొప్పగా చెబితే, అది బలానికి కొలత అనుకోకండి.

ఇరాక్‌ను చూడండి. 2014 జూన్‌లో మోసుల్ నగరాన్ని తమకంటే చాలా తక్కువ సంఖ్యలో వచ్చిన ఐసిస్ మూకలకు వదిలి సైన్యం పారిపోయింది. కొన్ని నెలల తర్వాత ఆ దేశ ప్రధాని నాలుగు డివిజన్లలోనే 50,000 మంది లేని సైనికుల పేర్ల మీద జీతాలు వెళ్తున్నాయని ప్రకటించారు. మన ఉపాధి పనుల్లో దొంగ మస్టర్లు రాస్తారే, అదే పని. కొందరు సైనికులైతే జీతంలో సగం అధికారికి ఇచ్చి ఇంట్లోనే ఉండేవారు. అఫ్గానిస్తాన్‌లో కాగితం మీద మూడు లక్షల బలగం ఉండేది. 2021 ఆగస్టు 15న కాబూల్ పడిపోయాక, ఆ సంఖ్యలో ఎక్కువ భాగం ఎన్నడూ లేనేలేదని వారి మాజీ ఆర్థిక మంత్రే చెప్పారు. చెరువులో పూడిక తీశామని కాగితం రాస్తే వానాకాలంలో తెలిసిపోతుంది. సైనికుడు ఉన్నాడని రాస్తే శత్రువు వచ్చాక గానీ తెలియదు.

ఇక్కడే నా అసలు మాట ఉంది. అవినీతి సైన్యం నుంచి మొదట దోచుకునేది నిజాన్ని. తన దగ్గర ఎన్ని పనిచేసే లారీలున్నాయో, ఎంత మందుగుండు ఉందో తెలియని సేనాపతి తప్పుడు పటం చేతిలో పెట్టుకుని బయలుదేరినట్టే. ఆయుధం తక్కువైనా, తక్కువని తెలిస్తే దానికి తగ్గట్టు పోరాడవచ్చు. కార్గిల్ యుద్ధ సమయంలో అప్పటి సైన్యాధిపతి జనరల్ మాలిక్ తమ దగ్గర ఉన్నదానితోనే పోరాడతామని అన్నారు. ఉన్నదేమిటో తెలిసినవారే ఆ మాట అనగలరు.

చైనా సంగతికి వస్తాను, అది న్యాయమైన ప్రశ్నే. అక్కడ వృద్ధి, అవినీతి రెండూ కలిసి నడిచిన మాట నిజం. నా అనుభవంలో అవినీతికి రెండు రకాల మనుషులున్నారు. ఒకడు పని పూర్తయ్యాక వాటా అడుగుతాడు, పని జరిగితేనే తనకూ వస్తుంది కనుక దాన్ని జరగనిస్తాడు. రెండోవాడు పని మొదలు కాకముందే అడుగుతాడు, ఆ తర్వాత అది ఏమైనా అతనికి పట్టదు. మొదటి రకం ఎక్కువున్న చోట ఫ్యాక్టరీలు, రోడ్లు లేస్తాయి, ఎందుకంటే సరుకు అమ్ముడుపోయిందో లేదో, రోడ్డు మీద బండి నడిచిందో లేదో వెంటనే తెలుస్తుంది. సైన్యంలో ఆ రోజువారీ పరీక్ష ఉండదు. 2023లో చైనా తన క్షిపణి దళం అధిపతులను మార్చింది. 2024 జూన్‌లో ఇద్దరు మాజీ రక్షణ మంత్రులను లంచాల ఆరోపణలపై పార్టీ నుంచి బహిష్కరించింది. ఎదిగిన ఆర్థిక వ్యవస్థ కూడా తన సైన్యాన్ని ఈ చెద నుంచి కాపాడలేకపోయిందన్నమాట. మీ స్నేహితుడికి ఈ ఉదాహరణ చెప్పండి.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని రెండో వైపు. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన దేశానికి ఇదే పెద్ద గాయం. కుంభకోణం కంటే, కుంభకోణం తర్వాత వచ్చే భయం ఎక్కువ నష్టం చేస్తుంది.

1986 మార్చిలో మన ప్రభుత్వం స్వీడన్ నుంచి 410 బోఫోర్స్ ఫిరంగులు కొనడానికి ఒప్పందం చేసుకుంది. విలువ సుమారు 1,437 కోట్లు. 1987 ఏప్రిల్‌లో స్వీడన్ రేడియో ముడుపుల సంగతి బయటపెట్టింది. 64 కోట్లన్న ఆరోపణ చుట్టూ ఒక ఎన్నిక తిరిగింది, ఒక ప్రభుత్వం పోయింది, కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగి చివరకు ఎవరికీ శిక్ష పడలేదు. ఇంతకీ ఫిరంగి చెడ్డదా? కార్గిల్ కొండల మీద అదే మనల్ని ఆదుకుంది. అయినా ఆ తర్వాత ఏ అధికారీ కొత్త ఫిరంగి కొనుగోలు మీద సంతకం పెట్టే ధైర్యం చేయలేకపోయాడు. ప్రయత్నం మొదలవడం, ఆరోపణ రావడం, కంపెనీ నిషేధ జాబితాలోకి వెళ్లడం, ఫైలు మళ్లీ మొదటికి రావడం. తర్వాతి విదేశీ ఫిరంగుల ఒప్పందం, 145 ఎం-777ల కోసం, 2016 నవంబరులో కుదిరింది. ముప్ఫై ఏళ్లు! బోఫోర్స్ ఒప్పందంతోపాటు వచ్చిన డ్రాయింగులు అన్నాళ్లూ మన దగ్గరే ఉన్నాయి. వాటి ఆధారంగా రూపొందిన ధనుష్ మొదటి ఆరు ఫిరంగులు సైన్యానికి అందింది 2019 ఏప్రిల్‌లో.

జలాంతర్గాముల కథ ఇంకా బాధ కలిగిస్తుంది, నేను చేతిపని మనిషిని కనుక. 1981లో జర్మనీ కంపెనీ హెచ్‌డీడబ్ల్యూతో నాలుగు జలాంతర్గాముల ఒప్పందం జరిగింది. రెండు అక్కడ, రెండు ముంబయి మజగావ్ డాక్‌లో కట్టాలి. మనవాళ్లు జర్మనీ వెళ్లి ఆ మందపాటి ఉక్కును అతకడం నేర్చుకున్నారు. 1987లో కమీషన్ల ఆరోపణ వచ్చింది. 1992లో శల్కి, 1994లో శంకుల్ నౌకాదళంలో చేరాయి, అక్కడితో వరుస ఆగిపోయింది. ముంబయిలో కట్టిన తర్వాతి జలాంతర్గామి కల్వరి నౌకాదళంలో చేరింది 2017 డిసెంబరులో. ఈ మధ్యలో నేర్చుకున్న వెల్డర్లు పదవీ విరమణ చేశారు, మళ్లీ మొదటి నుంచి నేర్పాల్సి వచ్చింది. చేతికి వచ్చిన విద్యను వాడకపోతే పోతుందని ఏ వడ్రంగి అయినా చెబుతాడు.

పౌర రంగంలోనూ ఇదే వరుస. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 122 టెలికాం లైసెన్సులు రద్దు చేసింది. 2017 డిసెంబరులో విచారణ కోర్టు ఆ కేటాయింపుల మీద నడిచిన అవినీతి కేసుల్లో నిందితులందరినీ విడిచిపెట్టింది. 2014 సెప్టెంబరులో 204 బొగ్గు గనుల కేటాయింపులు రద్దయ్యాయి. కేటాయింపుల తీరు తప్పని కోర్టు చెప్పింది, అందులో నాకు వివాదం లేదు. కానీ వాటిని నమ్మి టవర్లు, విద్యుత్ కేంద్రాలు కట్టినవారికి బ్యాంకులిచ్చిన అప్పుల గతి ఆలోచించండి.

నాకూ ఈ భయం తగిలింది. మేం సరుకిచ్చే ఒక సంస్థలో విజిలెన్స్ విచారణ మొదలైంది, మాకు దానితో సంబంధం లేదు. కొత్తగా వచ్చిన అధికారి నిజాయతీపరుడు. ఆయన ఏ బిల్లు మీదా సంతకం పెట్టలేదు. చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లో చెల్లించాలని 2006 చట్టం చెబుతుంది. మా బిల్లు పద్నాలుగు నెలలు ఆగింది. ఆరుగురు కుర్రాళ్లను పంపించేశాను. వాళ్లలో మడకశిర కుర్రాడు ఒకడు, గ్రైండింగ్‌లో మైక్రాన్లు వేలితో తడిమి చెప్పగలిగేవాడు. ఇప్పుడు సరుకుల బండి నడుపుతున్నాడు. లంచం తీసుకోని అధికారి వల్లే ఇది జరిగింది, అయినా ఆయన మీద నాకు కోపం లేదు. సంతకం పెడితే కేసు, పెట్టకపోతే ఏమీ కాదు అన్న వ్యవస్థలో ఆయన ఇంకేం చేస్తాడు?

కాబట్టి విచారణలు పెంచితే అవినీతి పోతుందని నేను నమ్మను. దోషిని త్వరగా పట్టుకుని శిక్షించాలి, మంచి ఆయుధాన్ని మాత్రం శిక్షించకూడదు. కొలిచేవాడు, సంతకం పెట్టేవాడు, డబ్బు చెల్లించేవాడు వేరువేరుగా ఉండాలి. కొలత సరుకు తయారైన చోట కాకుండా మూడో చోట జరగాలి. ఇవాళ చేతిలో పట్టుకునే ఎక్స్‌రే పరికరం పిన్ను మీద పెడితే క్షణాల్లో నికెల్, క్రోమియం శాతాలు చెబుతుంది. ఈఎన్-8ని ఈఎన్-24గా అమ్మడం ఇప్పుడు అప్పటంత సులువు కాదు.

ఇంకో సంగతి, బయటకు చెప్పే స్వేచ్ఛ. 2023 జనవరిలో, యుద్ధం నడుమ, ఉక్రెయిన్ పత్రికలు సైన్యం కోసం గుడ్లు బజారు ధరకు రెట్టింపుకు మించి కొంటున్నట్టు ఒప్పందంలో ఉందని రాశాయి. వెంటనే రక్షణ శాఖ ఉప మంత్రి ఒకరు తప్పుకున్నారు, సెప్టెంబరుకు మంత్రి మారారు. శత్రువు గుమ్మంలో ఉండగా ఇలాంటివి రాయడం ద్రోహమని కొందరన్నారు. నాకైతే అది ఆ సైన్యానికి జరిగిన మేలు. అటువైపు రష్యాలో నిర్మాణ పనులు చూసిన రక్షణ శాఖ ఉప మంత్రిని లంచాల కేసులో అరెస్టు చేసింది 2024 ఏప్రిల్‌లో, యుద్ధం మొదలై రెండేళ్లు దాటాక.

మీ ఉద్యోగం సంగతి. తప్పకుండా చేరండి. మొదటి ఆరు నెలలు ఎవరితోనూ వాదనకు దిగవద్దు, పని నేర్చుకోండి. సర్టిఫికెట్ చేతికి వస్తే, దాని మీది హీట్ నంబరును కడ్డీ మీద గుద్దిన నంబరుతో మీరే పోల్చండి. ల్యాబ్‌కు పంపే ముక్కను సరఫరాదారు ఎంచి ఇవ్వకూడదు, రాశి మధ్యలోంచి మీరే తీయండి. మీరు కొలవని అంకె పక్కన సంతకం పెట్టకండి. తిరస్కరించిన సరుకుకు రంగు పూసి పక్కన పెట్టించండి, లేకపోతే రాత్రికి మళ్లీ మంచి పెట్టెలోకి చేరుతుంది. ఒత్తిడి వస్తే నోటితో కాదనకుండా కాగితం మీద రాసి అడగండి, చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది. ప్రతిసారీ ఆగదు, బదిలీకి సిద్ధంగా ఉండండి.

చేరేముందు వీలైతే ఒక ఆదివారం కాకుండా పనిరోజున పీణ్య రండి. ఆ సంచిలోని విరిగిన పిన్నులు రెండు ఇంకా నా దగ్గరున్నాయి. పక్కన అసలైన ఈఎన్-24 ముక్క పెడతాను. రెండింటినీ గ్రైండింగ్ చక్రం మీద మీరే పెట్టి రవ్వలు చూడండి. మీ స్నేహితుణ్ని కూడా తీసుకురండి.